ఆవిరి పట్టని బాదం

ఎర్రటి జిగురు పోసిన గాజు పళ్లెంలో నల్లచుక్కలు మొలిచిన చోట పోయినవారం చిన్నీని వదిలి వచ్చాం. పొద్దున ఎనిమిది దాటినా ఆమె ఇంకా ఆ పళ్లేన్నే చూస్తూ నిలబడి ఉంది.

తొమ్మిది మంది ఆసుపత్రుల్లో ఉన్నారు. అందరికీ ఒకటే జ్వరం, ఒకటే కడుపునొప్పి, ఆగని విరేచనాలు. తొమ్మిది ఇళ్లలోనూ ఒకటే సీసా దొరికింది. చిన్నీ వాళ్ల అక్క కార్ఖానాలో ఈ నెల మొదటి మంగళవారం తయారైన పచ్చి బాదం వెన్న. దుకాణాల్లో మిగిలిన సీసాలను నిన్న సాయంత్రానికల్లా వెనక్కి రప్పించారు. ప్రతి రోజూ తయారైన సరుకులోంచి ఒక సీసా పక్కన దాచిపెట్టడం పరీక్షల గది చూసే చిన్నీకి అలవాటు. ఆ మంగళవారం సీసా తెరిచి పరీక్ష పెట్టింది. ఏమీ లేదని చూపించడానికే పెట్టింది. రోగక్రిమి ఉంటేనే ఆ జిగురు మీద నల్లచుక్కలు వస్తాయి. వచ్చాయి.

రావడానికి వీల్లేదు. ఆ సంగతి చిన్నీకి తెలిసినంత ఖాయంగా ఇంకెవరికీ తెలియదు.

సీసా మీద ‘పచ్చి’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని కింద ‘వేడి ఎరగనిది’ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. కానీ కార్ఖానా వెనకభాగాన ఒక గది ఉంది. పనివాళ్లు దాన్ని కడుగుడు గది అంటారు. బస్తాల్లో వచ్చిన బాదం గింజలు ఆ తలుపు లోపలికి వెళ్లి, తడిసి, ఆరి, మర దగ్గరికి వస్తాయి కాబట్టి కడిగి పంపిస్తున్నారనే అందరూ అనుకుంటారు. లోపల నీళ్ల తొట్టె లేదు. మనిషెత్తు ఇనప్పెట్టె ఉంది. బాయిలరు నుంచి గొట్టంగుండా దాంట్లోకి ఆవిరి వస్తుంది. గింజలు కొన్ని నిమిషాలపాటు ఆ ఆవిరిలో మగ్గుతాయి. తొక్క మీద ఏ క్రిమి ఉన్నా చచ్చిపోతుంది. రంగు మారదు, రుచి మారదు. ఎంత రుచి తెలిసినవాడైనా కనిపెట్టలేడు. ఆరేళ్లుగా ఆవిరి పట్టని గింజ ఒక్కటి కూడా ఆ కార్ఖానా మరలో పడలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. యజమాని అయిన అక్క, చిన్నీ, బాయిలరు నడిపే బాబాయ్.

ఆవిరి పట్టిన గింజల్లో క్రిమి బతకదు. బతికిందంటే ఆవిరి పట్టలేదు.

చిన్నీ చేతి తొడుగులు తీసేసి, చేతులు కడుక్కుని, ఇనప్పెట్టె తాలూకు కాగితాలున్న అలమర తెరిచింది. పెట్టెకు ఒక గుండ్రటి కాగితం తగిలించి ఉంటుంది. లోపలి వేడి పెరిగినకొద్దీ ఒక సన్నటి ములుకు ఆ కాగితం మీద ఎర్ర గీత గీస్తూ పోతుంది. రోజుకొక కాగితం. మంగళవారానిది తీసి చూసింది. గీత ఎక్కవలసిన చోటికి ఎక్కింది, నిలవవలసినంతసేపు నిలిచింది, దిగింది. ఏ లోపమూ లేదు. అంతకు ముందు శుక్రవారానిది తీసి పక్కన పెట్టింది. అదీ అంతే. ఆ శుక్రవారం కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినట్టుంది, గీత మధ్యలో చీమ తలంత నొక్కు పడింది. మంగళవారం గీతలో కూడా సరిగ్గా అదే చోట, అదే నొక్కు ఉంది.

రెండు కాగితాలనూ తిరగేసి వెనకవైపు బొటనవేలితో రాసి చూసింది. శుక్రవారానిది నున్నగా ఉంది. మంగళవారానిది వేలికి గరుగ్గా తగిలింది. యంత్రం ములుకు కాగితాన్ని తాకీ తాకనట్టు పోతుంది. మనిషి చేయి ఒత్తి రాస్తుంది.

రెండు కాగితాలూ మడవకుండా ఒక అట్ట మధ్య పెట్టుకుని చిన్నీ వెనకవైపు నడిచింది.

బాయిలరు చల్లగా ఉంది. నిన్నటి నుంచి కార్ఖానా మూసేశారు. పనివాళ్లను ఇళ్లకు పంపేశారు. అయినా బాబాయ్ ఎప్పటిలాగే ఏడింటికల్లా వచ్చి, నీటి మట్టం చూపించే గాజుగొట్టాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. చిన్నీ వాళ్ల నాన్న, ఆయన ఒకప్పుడు ఒకే మిల్లులో బాయిలర్ల దగ్గర పనిచేశారు. రక్తసంబంధం ఏమీ లేదు. నాన్న పోయాక ఆడపిల్లలిద్దరికీ అన్నీ ఆయనే అయ్యాడు.

“బాబాయ్, ఇది నువ్వు గీశావా?”

ఆయన కాగితం వైపు చూశాడు. గుడ్డ మడత పెట్టి మోకాలి మీద వేసుకున్నాడు.

“గీత వంకర పోయిందా అమ్మా?”

ఇంకో రోజయితే చిన్నీ నవ్వేది. “పోలేదు. చక్కగా గీశావు. కరెంటు పోయిన చోటు కూడా వదల్లేదు.”

“కింద ఒక కాగితం పెట్టి, మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి గీశాను. నాకు ఇవన్నీ ఏం తెలుసు? ఉన్నది ఉన్నట్టు దింపేశాను.”

“ఆ రోజు పెట్టె నడవలేదా?”

“నడవలేదు.”

“చెడిపోయిందా?”

“నా చేతిలో ఏదైనా చెడిపోయిందా ఇన్నేళ్లలో?” ఆయన గొంతులో ఒక్కసారి రోషం వచ్చి వెంటనే చల్లారింది. “పెద్దది వచ్చింది పొద్దున్నే. ‘బాబాయ్, ఇవాళ ఆవిరి వద్దు. గింజలు తిన్నగా మరకు పంపించు’ అంది. ఎందుకమ్మా అన్నాను. ‘ఒక్కసారి, ఒక్కసారికే’ అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టున్నాయి. ఏడ్చిన పిల్లని గుచ్చిగుచ్చి ఏం అడుగుతాం?”

“నాకు చెప్పాలనిపించలేదా?”

“నీకు చెప్పొద్దంది.”

చిన్నీ బొగ్గుల పెట్టె మీద కూలబడింది. ఎవరినైనా తిట్టాలని ఉంది, కానీ ఎదురుగా ఉన్నది ఈయన. తన స్కూలు సంచీ మోసినవాడు, జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసినవాడు.

“తొమ్మిది మంది, బాబాయ్.”

“తెలుసమ్మా. నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు.” ఆయన మోకాలి మీది గుడ్డను మళ్లీ మడత పెట్టాడు. “ఇన్‌స్పెక్టరు గారు ఆహార శాఖ నుంచి పదకొండింటికి కదా వచ్చేది? నేను మర్చిపోయానని చెప్తాను. పెట్టెలోకి ఆవిరి వదలడం మర్చిపోయాను, భయమేసి గీత గీశాను అంటాను. నమ్ముతారు. మర్చిపోయే వయసేగా నాది.”

“నిన్ను జైల్లో పెడతారు.”

“అక్కడ కూడా బాయిలరు ఉంటుందిలే. వంట చేయాలిగా అంతమందికి.”

అది నవ్వించడానికి అన్నమాటే. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. చిన్నీ లేచి, ఆయన భుజం మీద చేయి వేసి, బయటికి నడిచింది.

సీసాలు సర్దే హాలులో అక్క ఒక్కతే ఉంది. వెనక్కి వచ్చిన అట్టపెట్టెలు గోడల పొడుగునా కప్పుదాకా పేర్చి ఉన్నాయి. పొడుగాటి స్టీలు బల్ల మీద వేడినీళ్ల బేసిను పెట్టుకుని, సీసాలను ఒక్కొక్కటే ముంచి, గోటితో లేబుళ్లు గీకేస్తోంది. అప్పటికే పదీపన్నెండు సీసాలు నున్నగా, పేరూ ఊరూ లేకుండా వరసలో నిలబడి ఉన్నాయి. బల్ల మీద తడి కాగితం ముక్కలు అంటుకుపోయి ఉన్నాయి.

“ముట్టుకోకు అక్కా. ఇన్‌స్పెక్టరు చూడాలి అవి.”

“చూడనీ. దీని మీద ఉన్న మాట మాత్రం నేను చూడలేను.”

“మంగళవారం ఆవిరి ఎందుకు ఆపావు?”

అక్క చేయి నీళ్లలోనే ఆగిపోయింది. “బాబాయ్ చెప్పాడా?”

“కాగితం చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు.”

అక్క సీసా బయటికి తీసింది. తుడిచింది. చెల్లెలి వైపు తిరగకుండానే మాట్లాడడం మొదలుపెట్టింది.

“సోమవారం సాయంత్రం లెక్కల మేడమ్ వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు. వాళ్ల స్కూల్లో ఎవరో అన్నారట, దుకాణాల్లో పచ్చిదని అమ్మే వెన్న ఏదీ పచ్చిది కాదు, అన్నిటికీ ఎక్కడో ఒకచోట వేడి తగులుతుందని. ఆవిడ వాళ్లతో వాదన వేసుకుందట. మీ సంగతి వేరు, నాకు తెలిసినావిడ అందట. నా చేయి పట్టుకుని అడిగింది చిన్నీ. ‘మీరు అవునంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఇది నిజంగా పచ్చిదేనా?’ అంది.”

“నువ్వు అవునన్నావు.”

“అన్నాను. ఆరేళ్లుగా వందమందికి అన్న మాటే కదా. ఆవిడ ముందు మాత్రం నోరు తడారిపోయింది. అన్నీ పచ్చివే తింటుంది ఆవిడ, పొయ్యి వెలిగించి పన్నెండేళ్లయింది. నేను వంటింట్లో రోలు ముందేసుకుని నూరిన రోజుల్నుంచీ నా దగ్గరే కొంటోంది. మనం కాకపోతే ఆవిడ ఇంకెవరిని నమ్మాలి? ఇంటికెళ్లి పడుకుంటే కళ్ల ముందు అదే చేయి. పొద్దున్న లేచి అనుకున్నాను, ఇవాళ చేసేదైనా నిజంగా పచ్చిదై ఉండాలి. ఆవిడకిచ్చే సీసా అయినా.”

“ఆవిడ ఒక్కదాని సీసాకి అయితే, నీ వంటింట్లో ఒక గుప్పెడు గింజలు నూరి ఇవ్వొచ్చు కదా అక్కా!”

అక్క మొదటిసారి తిరిగి చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. దారి తప్పినవాడికి ఇల్లు పక్క వీధిలోనే ఉందని ఎవరో చెప్తే ఎలా చూస్తాడో అలా చూసింది.

“తట్టలేదు” అంది. “నిజంగా తట్టలేదే.”

“ఆరు వందల సీసాలు వెళ్లాయి మంగళవారం.”

“తెలుసు.”

“మనకు వచ్చే గింజలు ఎక్కడెక్కడి నేల మీద ఆరతాయో, ఎవరెవరి కాళ్ల కింద పడతాయో నీకు తెలుసు. నేను ఎన్నిసార్లు చూపించాను, ఇదే గాజు పళ్లెంలో!”

“తెలుసన్నాను కదా!” అక్క గొంతు హాలంతా మోగింది. సీసా బల్ల మీద గట్టిగా పెట్టింది. “అన్నీ నీకే తెలుసు. అబద్ధం ఎవరిదో అది చెప్పు ముందు. ఆరేళ్ల కిందట పెద్ద దుకాణం వాళ్లు మన మొదటి బాదం సరుకులో క్రిములున్నాయని మొత్తం తిప్పి పంపితే, ఆవిరి పెడదాం అన్నది ఎవరు? నువ్వు. మరి సీసా మీద మాట ఏం చేద్దాం అని నేనడిగాను. ఏమన్నావు?”

చిన్నీ చేతిలోని అట్టను సరిచేసుకుంది.

“చెప్పు. గుర్తులేదా?”

“గుర్తుంది. ‘వేయించలేదుగా, పచ్చిదే’ అన్నాను.”

“ఇంకా?”

“‘వేయించనిదాన్నంతా పచ్చిదనే రాస్తారు అందరూ. చట్టం ఒప్పుకుంటుంది’ అన్నాను.”

“నేను మాట తీసేద్దాం అన్నాను. నువ్వు, తీసేస్తే ఎవరు కొంటారు అన్నావు. ‘వేడి ఎరగనిది’ అని కింద రాయించిన రోజు నేను గొడవ పెట్టుకున్నాను. పది మందికి జీతాలున్నాయి అక్కా, చూసీచూడనట్టు ఊరుకో అన్నావు. ఊరుకున్నాను. పచ్చి అని రాసి అమ్మిన పచ్చి అబద్ధం అది. నీది. నేను దాన్ని ఒక్కరోజు నిజం చేయబోయాను.”

“ఆ అబద్ధం వల్ల ఆరేళ్లలో ఒక్క మనిషికి కడుపునొప్పి రాలేదు.”

“అదే కదా నా ఖర్మ” అంది అక్క. బల్ల అంచు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

కప్పు రేకుల మీద ఎండ చిటపటమంటోంది. చిన్నీకి ఆ మాటల్లో ఒక్కటి కూడా కాదనడానికి వీల్లేకపోయింది. ఆరేళ్ల కిందట తను చేసింది తప్పేనని ఆమెకు తెలుసు. మంగళవారం ఆ తప్పే జరిగి ఉంటే తొమ్మిది మంది ఇవాళ వాళ్ల వాళ్ల పనుల్లో ఉండేవారనీ తెలుసు. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని మనిషన్నవాడు ఎలా నిలబడతాడో మాత్రం ఆమెకు తెలియలేదు.

అప్పుడు అక్క ఫోను మోగింది. అక్క పేరు చూసి, ఫోనును బల్ల మీద చెల్లెలి వైపు తోసేసింది. “మేడమ్ వాళ్ల తమ్ముడు, ఆసుపత్రి నుంచి. నేను మాట్లాడలేను.”

చిన్నీ తీసింది.

“నమస్కారమండీ, నేను వాళ్ల చెల్లెల్ని. ఎలా ఉన్నారు మేడమ్?”

అవతల గొంతు నిద్రలేక బొంగురుపోయి ఉంది. “బాలేదండీ. రాత్రి నుంచి కిడ్నీలు పనిచేయట్లేదు. మెషీను పెట్టారు. తెలివి ఉంది కానీ. మాట్లాడుతోంది. ఒక్క విషయం అడగమంది మిమ్మల్ని.”

“చెప్పండి.”

“ఇక్కడ పెద్ద డాక్టరు గారు ఈ జబ్బు ఎందులోంచి వచ్చిందా అని వెతుకుతున్నారు. బాదం వెన్నలోంచి అయ్యుండదు అంటున్నారు. దుకాణంలో అమ్మేవాటికి ఎక్కడో వేడి తగులుతుంది, పేరుకే పచ్చివి, అందులో ఇది బతకదు అంటున్నారు. మా అక్క ఒప్పుకోవట్లేదండీ. ఆ పరిస్థితిలో కూడా వాదిస్తోంది. ‘నేను చేయి పట్టుకుని అడిగితే ఆవిడే చెప్పింది, అది నిజంగా పచ్చిదే, కావాలంటే అడగండి’ అంటోంది. ఏది నిజమండీ? డాక్టరు గారు పక్కనే ఉన్నారు.”

చిన్నీ అక్క వైపు చూసింది. ఫోనులో గొంతు హాలు నిశ్శబ్దంలో పైకే వినిపిస్తోంది. అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

“మేడమ్ చెప్పిందే నిజం” అంది చిన్నీ. “ఆ సీసా నిజంగా పచ్చిదే. వేడి తగల్లేదు. క్రిమి అందులోనే ఉంది, నేను పరీక్ష చేశాను. డాక్టరు గారికి ఫోను ఇవ్వండి, ఏ రకమో చెప్తాను.”

డాక్టరుకు అంతా చెప్పింది. ఆయన రెండు ప్రశ్నలు అడిగి, ఎవరినో కేకేసి, ఫోను తమ్ముడి చేతికి ఇచ్చేశాడు.

“థాంక్సండీ” అన్నాడు అతను. “మా అక్కకి చెప్తాను, నువ్వే గెలిచావని. సంతోషిస్తుంది.”

చిన్నీ ఫోను బల్ల మీద పెట్టేసింది.

“విన్నావా?” అక్క కళ్లు తుడుచుకోలేదు. చుక్కలు బల్ల మీద పడుతున్నాయి. “నన్ను నమ్ముకునే ఉంది ఇంకా. మొదటి సీసా నుంచీ నమ్మింది. ఒకటి మాత్రం చెప్తాను చిన్నీ, నువ్వు రాకముందు నేను ఆవిడకి ఇచ్చింది అబద్ధం కాదు. ఆ రెండేళ్లు నా వంటింట్లోంచి వెళ్లిన ప్రతి సీసా పచ్చిది. నా చేత్తో నూరాను. ఆ రెండేళ్లూ నావి. వాటిని ఎవరూ తీసుకోలేరు.”

ఇక్కడ చిన్నీ ఊరుకుని ఉండవలసింది. ఊరుకుంటే ఏమయ్యేదో, తరవాత ఎన్నో రోజులు ఆమె అదే ఆలోచించింది. కానీ ఆ పొద్దున ఆమె మనసు పచ్చిపుండులా ఉంది. ‘నీది, నీది’ అన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటోంది.

“మేడమ్ నీ దగ్గర కొన్న మొదటి సీసా దేనిది?”

“జీడిపప్పుది. అప్పట్లో అదొక్కటే చేసేదాన్ని. ఎందుకు?”

“జీడిగింజ పెంకులో నూనె ఉంటుంది. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకని ముందు గింజని ఆవిరిలో ఉడికిస్తారు, లేకపోతే కాలుస్తారు. ఆ తరవాతే పగలగొట్టి పప్పు తీస్తారు. నువ్వు కొట్లో కొన్న పచ్చి జీడిపప్పు, నీ రోట్లో పడకముందే ఆవిరి చూసి వచ్చింది అక్కా. ఆ రెండేళ్లలో నువ్వు చేసిన ఏ సీసా కూడా పచ్చిది కాదు. ఒక్కటి కూడా.”

అక్క చెల్లెలి ముఖంలోకి చూసింది. అబద్ధమని అనిపించే గుర్తు ఏదైనా ఉందేమోనని వెతికింది. లేదు.

“ఈ సంగతి నీకెప్పుడు తెలుసు?”

“మొదటి నుంచీ.”

“నాకు చెప్పలేదు.”

“బాధపడతావని.”

“మరి ఇవాళ చెప్పావు.”

చిన్నీ దగ్గరికి వెళ్లి చేయి పట్టుకోబోయింది. అక్క ఆ చేయి విదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. చల్లారిపోయిన బేసిన్లో లేబుళ్ల ముక్కలు తేలుతున్నాయి. అక్క ముఖంలో ఏదో తలుపు మూసుకుంది. చిన్నతనంలో నాన్న పోయినరోజున చూసింది చిన్నీ ఆ ముఖం. మళ్లీ ఇప్పుడే.

గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది.

ఇన్‌స్పెక్టరు బక్కపలచని మనిషి. జలుబుతో ఉన్నాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఆఫీసు గదిలోకి వచ్చి, కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. టీ వద్దన్నాడు. బల్లకు అటువైపు అక్క, ఇటువైపు చిన్నీ. పిలవకుండానే బాబాయ్ వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు.

“మీ సీసాలో ఉందని మా పరీక్షలోనూ తేలింది” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “అందులో అనుమానం లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఎలా వచ్చింది? ఆ ఒక్కరోజేనా, మిగతా రోజుల సరుకులో కూడా ఉందా? అది తేలకపోతే, మీరు ఇంతవరకు అమ్మిన ప్రతి సీసా వెతికి పట్టుకోవాలి నేను. జనం ఇళ్లలో తింటున్నారు, అర్థమవుతోందా?”

ఎవరూ ఏమీ అనకముందే బాబాయ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఆ ఒక్కరోజే సార్. తప్పు నాది. ఆ మంగళవారం ఆవిరి పెట్టడం మర్చిపోయాను.”

ఇన్‌స్పెక్టరు రాసుకోబోయి ఆగాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆవిరా?” అన్నాడు. బల్ల మీద ఉన్న సీసా తన వైపు తిప్పుకుని లేబులు చదివాడు. “వేడి ఎరగనిది అని ఉందే. దేనికి పెడతారు ఆవిరి?”

బాబాయ్ నోరు తెరిచాడు, మూశాడు. తను మోయడానికి వచ్చిన బరువు ఎక్కడ జారిపోయిందో ఆయనకు అప్పుడు అర్థమైంది. ముసలికళ్లు చిన్నీ వైపు తిరిగాయి, సాయం అడుగుతున్నట్టు.

చిన్నీ అట్ట తెరిచి రెండు కాగితాలూ బల్ల మీద పరిచింది. పక్కన గాజు పళ్లెం పెట్టింది.

“ఆయన మర్చిపోలేదండీ” అంది. “మాకు ఆవిరి పెట్టె ఉంది. ఆరేళ్లుగా ప్రతి గింజా దాంట్లోంచే వస్తుంది. ఆ పెట్టె పెట్టించింది నేను. పెట్టాక కూడా సీసా మీద మాట అలాగే ఉండనిచ్చింది నేను. మేము అమ్మిన బాదం వెన్న ఎప్పుడూ పచ్చిది కాదు. ఆ మంగళవారంది తప్ప. ఆ రోజు ఆవిరి ఆపేశారు. ఈ కాగితం చేత్తో గీసింది. వెనక తడిమి చూడండి. మిగతా రోజులవి యంత్రం గీసినవే, ఒక్కొక్కటీ చూపిస్తాను. ఆ సీసాల జోలికి వెళ్లక్కర్లేదు.”

తన బతుకు తన చేత్తోనే కూలగొట్టుకుంటున్నానని తెలుసు. అయినా, పొద్దుటి నుంచి మొదటిసారి, కాలికింద నేల తగిలినట్టనిపించింది.

ఇన్‌స్పెక్టరు మంగళవారం కాగితాన్ని తిరగేసి వేలితో రాసి చూశాడు. తలూపాడు.

“మర్చిపోయినవాడు కూర్చుని ఇంత ఓపిగ్గా గీత గీయడు. ఎవరో ఆపమన్నారు. ఈయన ఆపాడు. తరవాత ఎవరికోసమో దాచాడు.” ఆయన బాబాయ్ వైపు చూశాడు. “ఎవరు ఆపమన్నారు?”

బాబాయ్ తల దించుకున్నాడు.

“మీరు చెప్పండి” అన్నాడు చిన్నీతో.

అక్క పేరు చిన్నీ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. తన తప్పు తను చెప్పుకోవడం వేరు. తోబుట్టువును చూపుడువేలితో చూపించడం ఆమెకు చేతకాలేదు. ఆ ఒక్కమాట అక్కే చెప్పుకోవాలి. చెప్పుకుంటుంది కూడా. ఒక్కరోజు నిజం చెప్పడానికే కదా ఇంత తెచ్చుకుంది.

“అక్కా” అంది మెల్లగా. “నువ్వే చెప్పు.”

అక్క తలెత్తింది. వేడినీళ్లలో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వాటిని బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరునే చూస్తూ, ఎక్కడా తొట్రుపడకుండా మాట్లాడింది.

“చెప్తాను సార్. పరీక్షలు, ఆవిరి, అవన్నీ మా చెల్లెలు చూసుకుంటుంది. నాకు వాటి గురించి ఏమీ తెలియదు. జీడిపప్పుకి వేడి తగులుతుందన్న సంగతి కూడా నాకు ఇవాళే తెలిసింది. ఆవిరి పెట్టించింది తనేనని మీ ముందే ఒప్పుకుంది కదా. ఆ మంగళవారం ఆపించింది కూడా తనే.”

చిన్నీ అక్క వైపు చూసింది. అక్క చూపు తిప్పుకోలేదు. అందులో పగ లేదు, భయం లేదు, అసలేమీ లేదు.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో మెల్లగా వెనక్కి తిరిగాడు.

“ఏమయ్యా, నీ చేతే కదా ఆపించారు. నువ్వు చెప్పు. ఇద్దరిలో ఎవరు?”

తలుపు పక్కన నిలబడ్డ ముసలాయన ఒకసారి పెద్దదాని వైపు చూశాడు, ఒకసారి చిన్నదాని వైపు చూశాడు. ఇద్దరినీ చెరో భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు ఆయన. దువ్వుకున్న జుట్టులోంచి నీటిచుక్క ఒకటి చెంప మీదికి జారింది. తుడుచుకోకుండానే, చూపుడువేలు చాచి, ఆయన చేయెత్తాడు.